రాకాసి గుళ్ళు కాదు, మనుషుల బొందలు

(ఆరో భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సెలవుల్ల పదిమందిమి కలిసి ముడుమాల్ పోతున్నం. ఆడ ఏం చూడాలె?" అన్నాడు. ఏం చూడాలో చెప్పాను. చూసి వచ్చేటప్పుడు ఏం అడగాలో చెప్పడానికి ఫోన్ సరిపోలేదు. అందుకే ఈ భాగం.

ముందు చూడాల్సింది. ముడుమాల్ పాత పాలమూరు జిల్లాలో, ఇప్పటి నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణా నది ఒడ్డున ఉంది. సుమారు 80 ఎకరాల్లో పరుచుకున్న రాళ్ళు. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా ఉంటాయి. వరసలు కట్టి పాతిన చిన్న రాళ్ళు 3,000 దాకా ఉంటాయి. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలాన్ని దించారు. ఏడాదిలో కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో పొద్దు పొడిచే దిక్కుకూ గూకే దిక్కుకూ రాళ్ళ వరసలు సరిగ్గా సరిపోతాయని, అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు చెప్పారు. ఇవి 3,000 ఏళ్ళు దాటినవి. 2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కింది.

సంతోషమే. పాలమూరు అంటే వలస, కరువు అని తప్ప తెలియని లోకానికి ఈ సంగతి తెలిసినందుకు నాకూ గర్వంగానే ఉంది. కానీ దానికి రెండు నెలల ముందు, అదే 2025 జనవరిలో జరిగిన ఇంకో సంగతి పక్కన పెట్టి చూడండి. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో ఒక దళిత క్రైస్తవ పాస్టర్ చనిపోతే, సొంత ఊళ్ళో పాతిపెట్టనివ్వలేదు. కొడుకు హైకోర్టుకు పోయాడు, సుప్రీంకోర్టుకు పోయాడు. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు జడ్జీలు రెండు తీర్పులు చెప్పారు. సొంత పొలంలో పెట్టుకోనివ్వాలని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన చోటికే పోవాలని ఇంకొకరు. చివరికి 20 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న వేరే ఊరి శ్మశానానికి పోలీసు బందోబస్తుతో తీసుకుపొమ్మన్నారు.

మూడు వేల ఏళ్ళ కింద చచ్చిన మనిషి ప్రపంచ వారసత్వం. మొన్న చచ్చిన దళితుడు ఊరికి మైల. ఒకే దేశం, ఒకే ఏడాది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా నిలువురాళ్ళ దగ్గర ఫొటో దిగి రావద్దని చెప్పడానికే ఇదంతా.

పేరు ఎవరు పెట్టారు?

తెలంగాణలో ఈ సమాధులను ఊళ్ళల్లో ఏమంటారో అడగండి. "రాకాసి గుళ్ళు" అంటారు. కొన్నిచోట్ల "పాండవుల గుళ్ళు" అంటారు. ముడుమాల్ రాళ్ళు శాపం తగిలి రాళ్ళైపోయిన మనుషులని ఒక కథ చెప్పుకుంటారు. రాక్షసులు, పాండవులు, శాపగ్రస్తులు. మనుషులు అని మాత్రం ఎవరూ అనరు. పెద్ద బండను లేపి, గుండ్రంగా రాళ్ళు పేర్చి, లోపల తమవాళ్ళను పడుకోబెట్టి, పక్కన తిండి కుండా కొడవలీ పెట్టినవాళ్ళు మనలాంటి మనుషులేనని ఒప్పుకోవడానికి నోరు రాదు.

ఇది ఊరి అమాయకత్వం అనుకోకండి. శతపథ బ్రాహ్మణం 13వ కాండలో సమాధి దిబ్బ ఎలా కట్టాలో చెప్పే చోటు ఒకటుంది. దేవతల పక్షం వాళ్ళు నలుపలకలుగా కడతారట. అసుర పక్షం వాళ్ళు, తూర్పు దేశం వాళ్ళు వగైరా, గుండ్రంగా కడతారట. ఆ మాట తూర్పు గంగా మైదానం వాళ్ళ గురించి అన్నది, మన దక్కన్ గురించి కాదు. ఆ సంగతి దాచను. కానీ ఆ చూపు చూడండి. చచ్చినవాణ్ణి ఏ ఆకారంలో పెడతావన్న దాన్ని బట్టి నువ్వు దేవుడివో రాక్షసుడివో తేలిపోతుంది! మన నేల మీద రాళ్ళ వలయాలు గుండ్రంగానే ఉంటాయి. పాత నల్లగొండ జిల్లా ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ స్తూపమూ గుండ్రమే. ఇలాంటి మట్టిదిబ్బల నుంచే స్తూపం పుట్టిందని చాలామంది పండితులు అంటారు. మన తాతలు ఏ దిబ్బకు మొక్కినా ఆ పొత్తాల దృష్టిలో అది రాకాసిదే.

తెల్లదొరలు మాత్రం తక్కువ తినలేదు. 1850ల్లో సురపురం ప్రాంతంలో ఉన్న మెడోస్ టేలర్ ఈ సమాధులను శ్రద్ధగా తవ్వి, కొలిచి, బొమ్మలు గీశాడు. ఆ పని గొప్పదే. కానీ కట్టిందెవరంటే కెల్టులు, డ్రూయిడ్లు, సిథియన్లు అని రాశాడు. పక్కన తట్ట మోసిన కూలీని అడగాలని తోచలేదు. తర్వాత 1910ల్లో భువనగిరి దగ్గర రాయగిరి సమాధులను నిజాం రైల్వే వైద్యాధికారి మేజర్ హంట్ తవ్వాడు. పట్టాల పక్కనే అంత పెద్ద బొందలగడ్డ ఉందని ఆ రాతల వల్లే లోకానికి తెలిసింది. అయితే అక్కడ గడ్డపార పట్టిన చేతుల పేర్లు ఏ నివేదికలోనూ ఎక్కలేదు.

చేతుల లెక్క

ఈ బొందల్లో ఏం దొరుకుతాయి? నలుపు-ఎరుపు కుండలు. లోపలంతా, పై అంచంతా నల్లగా, కింద ఎర్రగా ఒకే కాల్పులో రావాలంటే ఆవం మీద ఎంత పట్టు ఉండాలో కుమ్మరి పని తెలిసినవాళ్ళను అడగండి. ఇనుప గొడ్డళ్ళు, కొడవళ్ళు, బాకులు. రాతిని కరిగించి ఇనుము తీసినవాళ్ళ పని అది. పూసలు, ఎముకలు. పైన పదుల మంది కలిస్తే తప్ప కదలని బండ. బండను పొరలుగా చీల్చడం తెలిసినవాళ్ళు ఉన్నారు కాబట్టే ఆ రాయి వచ్చింది. ఈరోజుకీ ఆ పని వడ్డెరల చేతుల్లో ఉంది.

మట్టి, ఇనుము, తోలు, రాయి. తర్వాతి కాలంలో కులం వచ్చి ఏ పనులను కిందకు తొక్కిందో ఆ పనులన్నీ ఈ గుంతల్లో గౌరవంగా పడుకుని ఉన్నాయి. ఇవాళ ఆ గుంతల్లోంచి కుండ తీసి అద్దాల పెట్టెలో పెడతారు. కుండ చేసిన కులాన్ని, రాయి కొట్టిన కులాన్ని బడిలో ఆఖరి వరసలో కూర్చోబెడతారు.

అలాగని ఆ కాలం సమసమాజం అని పాట పాడను. చచ్చిన ప్రతివాడికీ అంత బండ దొరకలేదు. బండ మోసినవాళ్ళు వందమంది అయితే కింద పడుకున్నది ఒకడో ఇద్దరో. పెద్దరికం, చిన్నరికం అప్పుడూ ఉన్నాయి. కానీ పెద్దరికం వేరు, అంటరానితనం వేరు. ఒక పుట్టుకను శవమయ్యాక కూడా వదలకుండా వెంటాడే ఏర్పాటుకు ఈ రాళ్ళు సాక్ష్యం చెప్పవు. అది తర్వాత వచ్చింది. వచ్చినది కాబట్టి పోగొట్టవచ్చు. నాకు ఈ రాళ్ళు చెప్పేది అంతే, అది చాలు.

"అయితే ఈ సమాధులు దళితులవేనా? డీఎన్ఏ పరీక్ష చేయిద్దామా?" అని అడిగే మేధావులకు ఒకే జవాబు. బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాస్తూ అంటరానితనానికి మూలం జాతిలో, రక్తంలో ఉందన్న సిద్ధాంతాన్నే కొట్టేశారు. మా హక్కు ఎముక పొడిలో తేలేది కాదు. ఈ నేల మీద చచ్చేవాళ్ళం కాబట్టి ఈ నేలలో పడుకునే హక్కు మాది.

గుడికి నంబరు, బొందకు నీళ్ళు

శ్రీశైలం ప్రాజెక్టు గుర్తుందా? 1981లో 'ఆపరేషన్ డిమాలిషన్' అని పేరు పెట్టి మరీ ఊళ్ళు కూలగొట్టారు. పాత పాలమూరు, కర్నూలు జిల్లాల్లో నూరు ఊళ్ళ దాకా మునిగాయి. మునకకు ముందు కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని రాయికి రాయి విప్పి, తెచ్చి, అలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే, అది కూడా మన పనోళ్ళ చేతులే చేశాయి. అదే కృష్ణ ఒడ్డున పాత కొల్లాపూర్ తాలూకాలో చిన్నమారూరు, పెదమారూరు ఉన్నాయి. అక్కడ ఈ కాలపు సమాధులను పురావస్తు శాఖ తవ్వింది. కుండలూ ఇనుమూ పెట్టెల్లోకి పోయాయి. బొందలగడ్డ నీళ్ళల్లోకి పోయింది. వాటి పక్కన ఉన్న మాలవాడ, మాదిగవాడ బొందలగడ్డలు కూడా అదే నీళ్ళల్లోకి పోయాయి. పట్టా ఉన్న పొలానికి పరిహారం లెక్క కట్టారు. తల్లిని పెట్టిన చోటుకు పట్టా ఎవరికుంటుంది?

మెట్టనేల మీద నీళ్ళ పని జేసీబీ చేస్తోంది. రాళ్ళ వలయాలు ఉండేది ఎక్కువగా గుట్టల కింద, చెలకల్లో. రాయి కంకర మిల్లుకు పోతుంది, నేల వెంచరుగా మారుతుంది. రాత్రిపూట గుప్తనిధులోళ్ళు నిమ్మకాయలు కోసి తవ్విపోతారు. ఆ బొందల్లో బంగారం లేదు తమ్ముళ్ళూ, కుండ పెంకులూ ఎముకలే. ఆ చెలకల్లోనే దళితులకిచ్చిన అసైన్డు భూములున్నాయి, దళితుల బొందలున్నాయి. జేసీబీకి పాతదీ కొత్తదీ తేడా తెలియదు.

పాత నల్లగొండ జిల్లాలో ఒక ఊరు, పేరు రాయను. రాళ్ళ వలయాలు చూద్దామని పోతే ఒక పెద్దాయన తోడొచ్చాడు. ఊరోళ్ళ చావులకు జీవితమంతా డప్పు కొట్టి, బొందలు తవ్విన మనిషి. వలయాల పక్కనే ఇప్పుడు హద్దురాళ్ళు పాతి ఉన్నాయి.

"తాతా, ఈ రాళ్ళ కింద ఎవలున్నరు?" అన్నాను.

"ఎవలుంటే ఏంది బిడ్డా, మట్టిల కలిసిన్రు. గా హద్దురాళ్ళ కాడ మా అయ్య ఉండె. గిప్పుడు ఆడ ప్లాటు. నేను వోతే ఏడ పెడ్తరో జెర గది అడుగు."

ఈ వ్యాసమంతా ఆయన ఒక్క ప్రశ్నకే రాస్తున్నాను.

సర్కారు జవాబు 'వైకుంఠధామం'. పన్నెండు వేలకు పైగా గ్రామ పంచాయతీలున్న తెలంగాణలో ఊరికొకటి కట్టాలని పెట్టుకున్నారు. పేరు వైకుంఠం. కట్టింది ఎక్కువగా కాల్చే దిమ్మెలు, షెడ్డు. పాతిపెట్టుకునే మాలామాదిగలకు, క్రైస్తవులకు, ఇంకా ఎన్నో కులాలకు కావాల్సింది దిమ్మె కాదు, నేల. విష్ణువు లోకం పేరు పెట్టిన గేటులోంచి ఎవరి శవం నిమ్మళంగా పోతుందో, ఎవరి శవం దగ్గర "మీది అటు" అంటారో ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

చూడ్డానికి పోయేవాళ్ళకు

తప్పకుండా పొండి. ముడుమాల్ పొండి, రాయగిరి పొండి. పెంకు ముక్క కూడా ఇంటికి తేవద్దు. రాళ్ళ మీద పేర్లు చెక్కొద్దు. ముడుమాల్లో కొన్ని రాళ్ళను తిమ్మప్ప అని, ఎల్లమ్మ అని మొక్కుతారు. చెప్పులు విప్పి చూడండి. పొలాలు రైతులవి, పంట తొక్కొద్దు. రేపు యునెస్కో పేరుతో కంచె వేస్తే అక్కడి సన్నకారు రైతుకు, కూలీకి ఏమిస్తారని ఇప్పుడే అడగండి. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టాన్ని చదవండి. మీ మండలంలో జేసీబీ కింద పడబోతున్న వలయాల ఫొటోలు తీసి, సర్వే నంబరుతో సహా కలెక్టరుకు, పురావస్తు శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి.

తర్వాత అదే ఊరి దళితవాడకు నడవండి. మూడు ప్రశ్నలు అడిగి రాసుకోండి. మీ బొందలగడ్డ ఎక్కడ? దాని సర్వే నంబరు ఎంత? రికార్డులో అది శ్మశానమని ఉందా, ఇంకెవరి పేరుతోనైనా ఉందా? 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజే, భూభారతి చట్టం అమల్లోకి తెచ్చారు కదా. ఆయన పుట్టినరోజున తెచ్చిన చట్టంలో ఆయన మనుషుల బొందలు ఎక్కాలి. ఎక్కలేదంటే దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. పది మంది విద్యార్థులు ఒక్క సెలవుల్లో పది ఊళ్ళు తిరిగితే, ఏ ప్రభుత్వం దగ్గరా లేని లెక్క మన దగ్గర ఉంటుంది. మీరు పంపితే అన్నీ కలిపి ఇక్కడే పెడతాను.

రాళ్ళ దగ్గర పెట్టే బోర్డుల మీద 'రాక్షస గుళ్ళు' అన్న మాట కనబడితే ఒప్పుకోవద్దు. మనుషుల బొందలు అని రాయమనండి. కుండ చేసినవాళ్ళను, ఇనుము తీసినవాళ్ళను, బండ చీల్చినవాళ్ళను రాయమనండి. మూడు వేల ఏళ్ళ నాటి బొందకు కంచె వేసే రాజ్యం, నిన్నటి బొందకు హద్దు చూపించి తీరాలి. ఆ పెద్దాయన ఇంకా ఉన్నాడు. ఆయనకు జవాబు చెప్పే టైము మనకు ఎక్కువ లేదు.

జై భీమ్.

(వచ్చే వారం: రాయి కొట్టేవాళ్ళు - క్వారీల కథ)