బయటపడి, మళ్లీ లోపలికొచ్చినవాడు

విశ్వాసానికి కేటాయించిన శీర్షికలో సినిమా ప్రస్తావన ఏమిటని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. సినిమాహాలు గడప తొక్కని ఇళ్లలో పెరిగినవాళ్లమే మేమూ! అయినా ఒక్క సినిమాను మాత్రం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఈమధ్య ఉదయగిరిలో సంఘ యువకులతో కూర్చుని మళ్లీ చూశాం. 1963లో జాన్ స్టర్జెస్ దర్శకత్వంలో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్' అది.

కథకు మూలం నిజంగా జరిగిన సంఘటనే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు తమకు చిక్కిన శత్రుదేశాల వైమానిక సైనికులను సాగన్ పట్టణం దగ్గర బంధించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఖైదీలు మూడు సొరంగాలు మొదలుపెట్టి వాటికి టామ్, డిక్, హ్యారీ అని పేర్లు పెట్టారు. మంచం చెక్కలు సొరంగానికి ఆసరా అయ్యాయి, పాలపొడి డబ్బాలు గాలిగొట్టాలయ్యాయి. తవ్విన ఇసుకను ప్యాంట్లలో సంచులు కట్టి దాచి, నడుస్తూ నేలమీద రాల్చేవారు. 1944 మార్చి 24 రాత్రి 'హ్యారీ' గుండా 76 మంది బయటపడ్డారు. ముగ్గురే క్షేమంగా గమ్యం చేరారు. పట్టుబడిన 73 మందిలో 50 మందిని హిట్లర్ ఆజ్ఞపై కాల్చిచంపారు. సినిమాను ఆ 50 మందికే అంకితమిచ్చారు.

స్టీవ్ మెక్‌క్వీన్ మోటార్‌సైకిల్‌తో ముళ్లకంచె మీదికి ఎగిరే దృశ్యానికి మా యువకులు చప్పట్లు కొట్టారు. అది కల్పితమని చెబితే చిన్నబుచ్చుకున్నారు. మా మనసును తాకింది మరో దృశ్యం. అదీ కల్పితమే, కానీ అందులో సత్యముంది. మెక్‌క్వీన్ పోషించిన హిల్ట్స్‌కు తాను పారిపోవడమొక్కటే ధ్యాస. బయటికెళ్లి దారులెటున్నాయో, రైల్వేస్టేషన్ ఎక్కడుందో చూసివచ్చి చెప్పమని తోటి ఖైదీలు అడిగితే ససేమిరా అంటాడు. బయటపడ్డవాడు కావాలని మళ్లీ ఎందుకు పట్టుబడాలి? కానీ నిరాశతో కంచె ఎక్కబోయిన తన స్నేహితుడు తూటాకు బలయ్యాక అతని మనసు మారుతుంది. పారిపోతాడు, చూడవలసింది చూస్తాడు, పట్టుబడి తిరిగొస్తాడు!

ఫిలిప్పీ చెరసాల గుర్తుకు రావడంలేదా? భూకంపానికి తలుపులు తెరుచుకున్నా పౌలు, సీల పారిపోలేదు (అపొ.కా. 16). వారు నిలిచినందువల్లే ఆ చెరసాల అధికారి ప్రాణం దక్కింది, అతని ఇంటిల్లిపాదికీ రక్షణ దొరికింది.

మన జిల్లా చరిత్రలోనూ అలాంటి తిరిగిరాక ఒకటుంది. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను ఫలితాలు లేవని మూసివేయాలని స్వదేశంలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు తలపోశారు. 1862లో అమెరికా వెళ్లిన లైమన్ జ్యూయెట్ దొర అక్కడే ఉండిపోవచ్చు. అలా ఉండక, మీరు పంపకున్నా నేను వెళ్తానని పట్టుబట్టి, 1865లో యువకుడైన జాన్ క్లౌను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. ఆయన రాకపోయి ఉంటే ఈనాడు ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో మన సంఘాలెన్ని ఉండేవి?

వాన మీద ఆధారపడిన ఈ మెట్ట నుంచి మన పిల్లలు చెన్నైకి, బెంగళూరుకు, గల్ఫ్‌కు వెళ్తున్నారు. వెళ్లడం తప్పుకాదు, వెళ్లవలసిందే. కానీ వాళ్లు వెళ్లిన సొరంగానికి ఆసరాగా నిలిచిన చెక్కలెవరివి? అమ్మ అమ్ముకున్న గొర్రెలు, అన్న మానేసిన చదువు, సంఘం ప్రార్థనలు కావా? సాగన్‌లో సుమారు 600 మంది శ్రమిస్తే బయటపడింది 76 మందే. మిగిలినవాళ్లు ఎవరికోసం తవ్వినట్లు?

ఉద్యోగం మానుకుని ఊరికి వచ్చేయమని మేము అనడంలేదు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు కొత్తబట్టలతో గుడిలో కనిపించి వెళ్లిపోకుండా, పదో తరగతి పిల్లలతో ఒక్క పూట కూర్చోండి. ఏ చదువు చదవాలో, దరఖాస్తు ఎలా పెట్టాలో, పట్నంలో ఎవరిని నమ్మాలో చెప్పండి. హిల్ట్స్ తెచ్చిన దారి వివరాల్లాంటివే అవి. వాటికి ఖర్చేమీ లేదు, లోపలున్నవాళ్లకు మాత్రం అవే ప్రాణం.

పరలోక మహిమను విడిచి, మన చెరలోకి తనంతట తానే దిగివచ్చిన ప్రభువును ఆరాధించేవాళ్లం మనం. బయటపడ్డాక వెనక్కి తిరిగిచూడకపోతే, మనం ఎవరిని వెంబడిస్తున్నట్లు?