చేవ ఉన్న కర్ర కావాలి

కత్తిసాము సాధనకి చెక్క కత్తి చేయించాలనగానే మనవాళ్లు రెండే ప్రశ్నలు అడుగుతారు: "ఎంతవుతుంది? చూడ్డానికి బాగుంటుందా?" అసలు అడగాల్సింది మూడోది. విరిగితే ఎలా విరుగుతుంది? విరిగిన ముక్క ఎగిరేది ఎదురుగా నిలబడ్డ ఫ్రెండు ముఖం మీదకే కదా!

ఉక్కు నగరంలో ఉన్నాం కాబట్టి ఉక్కుతోనే చెప్పుకుందాం. ల్యాబ్‌లో ఐజాడ్ టెస్ట్ చేసిన ఎవరికైనా తెలుసు, గట్టిదనం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. పోత ఇనుము గట్టిదే, కానీ సుత్తి దెబ్బకి పుటుక్కుమంటుంది. మైల్డ్ స్టీలు ముందు వంగుతుంది. చెక్కలోనూ ఈ తేడా ఉంది.

అందుకే "టేకు బెస్ట్ రా" అంటే నేను ఒప్పుకోను. టేకుకి చెద పట్టదు, ఎండకీ వానకీ పెద్దగా వంకరపోదు. తలుపుకి అంతకన్నా ఏం కావాలి? కానీ దెబ్బకి కొంచెం పెళుసు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవకే, కానీ మెత్తన, పైగా ముడులెక్కువ.

మన పెద్దవాళ్లు పనిని బట్టి కర్రని ఎంచారు. ఏటికొప్పాక లక్కబొమ్మకి అంకుడు, కొండపల్లి బొమ్మకి తెల్ల పొనికి, బొబ్బిలి వీణకి పనస. మరి రోజంతా దెబ్బలు తినే నాగలికీ, బండి చక్రానికీ? నల్లతుమ్మ. నా ఓటూ దానికే. టేకు ఘనపు మీటరుకి సుమారు 650 కిలోలు తూగితే, తుమ్మ 800 దాకా తూగుతుంది. చేతికి బరువనిపిస్తే పొడవు రెండంగుళాలు తగ్గించుకోండి, మందం మాత్రం తగ్గించొద్దు.

"కర్రసాముకి వెదురు ఉందిగా, ఇదంతా ఎందుకు?" అనొచ్చు. కర్రసాముకి వెదురే సరి. కానీ బోలు బొంగులోంచి కత్తి ఆకారం చెక్కలేం.

చెట్టు పేరు ఒక్కటే చాలదు. కలప అడితికి వెళ్తే మూడు చూడండి. ఒకటి, చేవ. దుంగ నడుమనుండే ముదురు రంగు చెక్కే తీసుకోండి, పైనుండే తెల్లచెక్క వద్దు. రెండు, నార. గీతలు పిడి నుంచి మొన దాకా తిన్నగా సాగాలి. 10 అంగుళాల పొడవులో గీత ఒక్క అంగుళం పక్కకి జరిగినా వంపుని తట్టుకునే బలం దాదాపు ఐదో వంతు పోతుంది, దెబ్బని తట్టుకునే శక్తి మూడో వంతుకి పైగా పోతుంది. మూడు, ఆరుదల. మన సముద్రపు గాలిలో పచ్చి కర్ర త్వరగా ఆరదు. అలాగని ఎండలో పడేస్తే చివర్లు పగుల్తాయి. నెలల తరబడి నీడలో ఆరిందే అడగండి.

ఇన్ని చూసి చేయించినా ఏదో ఒకరోజు చీలిక కనబడుతుంది. టేపు చుట్టి ఇంకో వారం లాగించడం హాస్టల్ బకెట్‌కి చెల్లుతుందేమో, కత్తికి చెల్లదు. కొత్త కత్తికి నలుగురం చందా వేసుకోవచ్చు. కన్ను పోతే ఎంత చందా వేసినా తిరిగి రాదు.