పరుల సుంకము, మన కొలిమి

ఐరోపా సమాఖ్యవారు తమ రేవులు చేరు పరదేశపు ఉక్కుపై నూతన భారమొకటి మోపినారు. సరకు తూనికతో దీనికి నిమిత్తము చాలదు. దానిని తయారుచేయుటలో ఎంత బొగ్గుపులుసు వాయువు ఆకసమున కలిసినదో ఆ లెక్కయు చూపవలెను. 2023 అక్టోబరు మొదలు లెక్కలు మాత్రమే అడిగిరి. 2026 జనవరి 1 నుండి వచ్చు సరకునకు మూల్యమునే విధించిరి.

రెండు శతాబ్దములు బొగ్గు కాల్చి సంపన్నులైన జాతులు, ఆలస్యముగా కొలిమి రాజబెట్టిన దేశమును పొగకు పన్ను కట్టుమనుట ధర్మమా యని మనవారడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. తలకింతయని పంచి చూచినచో భారతీయుని వంతు ప్రపంచపు సగటులో సగమైనను కాదు. అయినను న్యాయము మన పక్షముననున్నంత మాత్రమున మన పొగ నిర్దోషి కాజాలదు. వడగాలికి మాడు చేలును, తుపానులకు వణకు తీరమును మనవే గదా!

2018 నుండి ఉక్కు ఉత్పత్తిలో మనది ప్రపంచమున రెండవ స్థానము. కాని టన్ను ఉక్కునకు మనము వెలువరించు బొగ్గుపులుసు వాయువు ఇంచుమించు 2.5 టన్నులు, ప్రపంచపు సగటు 2 టన్నుల ప్రాంతము. మన బొగ్గున బూడిద హెచ్చు. బొగ్గుతో నడచు స్పాంజి ఇనుపబట్టీలు మెండు. కరగించుటకు తుక్కు ఇనుము కొరత. 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము 2.2 టన్నులకు లోబడినదే హరిత ఉక్కని నిర్ణయించినది. కొలబద్ద యేర్పడినది, కొలిమి మారవలసియున్నది.

మార్గము లేకపోలేదు. ముడిఖనిజమునందలి ప్రాణవాయువును వేరుచేయుటయే ఇనుము తీయుట. ఆ పని బొగ్గుచే చేయించినచో బొగ్గుపులుసు వాయువు పుట్టును; హైడ్రోజనుచే చేయించినచో నీటియావిరి పుట్టును. 2021లో స్వీడను దేశస్థులు లూలియో పట్టణమున నిట్లు ఇనుము తీసి చూపిరి. అది నేడు వ్యయసాధ్యమైన విద్య. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనేల? విశాఖ ఉక్కు కర్మాగారమున కాలుచున్న కోకును నీటితో గాక నైట్రోజనుతో చల్లార్చి, ఆ వేడిమితో ఆవిరిని, ఆవిరితో విద్యుత్తును పుట్టించుచున్నారు. ఊదుకొలిమి శిఖరమునుండి వెడలు వాయువుల ఒత్తిడినికూడ వృథా పోనీయక టర్బైనులు త్రిప్పుచున్నారు. ఇట్టి పొదుపు ప్రతి కర్మాగారమునకు విధి కావలెను. తుక్కు సేకరణ క్రమబద్ధము కావలెను. గనులయందలి యంత్రములకు సూర్యశక్తి తోడుపడవలెను.

ఇక ధనము మాట. తయారైన దేశమునందే కర్బన మూల్యము చెల్లించియున్నచో, ఆ మేరకు సుంకము తగ్గింతుమని ఐరోపా నిబంధనయే చెప్పుచున్నది. కావున మనము ఇచ్చట వసూలు చేయని రూపాయి అచ్చటి బొక్కసమును నింపును. ఇచ్చట వసూలైన రూపాయి మన కొలిములను బాగుచేయగలదు. కర్బన పత్రముల క్రయవిక్రయ విధానమును మన ప్రభుత్వము 2023లోనే ప్రకటించినది. దానిని కాగితముపై నిలుపక పదునుగా నడపవలెననియు, వచ్చిన ధనమును చిన్న బట్టీల యజమానులకు స్వల్పవడ్డీ ఋణములుగా నీయవలెననియు, బట్టీ మూతపడినచోట కూలివారికి వేరొక జీవిక చూపవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

1966 నాటి ఉద్యమమున ప్రాణములొడ్డి ఆంధ్రులు విశాఖ ఉక్కును సాధించుకొనిరి. దాని పునరుద్ధరణకై 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఇది పాత అప్పులు తీర్చుటతో ముగిసినచో ప్రయోజనము స్వల్పము. కర్మాగారమును రాబోవు కాలమునకు తగినట్లు సంస్కరించుటకు ఇదియే అదను. పరుల ఆజ్ఞకు వెరచి చేయు సంస్కరణము దాస్యము. మన బిడ్డల ఊపిరికై మనంతట మనము చేయునదే స్వరాజ్యము.