కింద నది, పైన దాహం

అమెరికా పోయిన మన పోరగాళ్ల ఇన్‌స్టాలో ఒక ఫొటో గ్యారంటీగా ఉంటుంది. గుర్రపు నాడాలా మలుపు తిరిగిన ఆకుపచ్చ నది, పైన ఎర్రరాతి అంచు మీద చేతులు చాపి నిలబడ్డ మనిషి. దాని పేరు హార్స్‌షూ బెండ్. ఆ ఫొటో నా దగ్గర కూడా ఉంది. ఈ వారం ముచ్చట మాత్రం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన బండిది, ఆ బండిలో ఉన్న నీళ్ల ట్యాంకుది.

మేం ఐదుగురం. అందరం ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్స్. ఇప్పుడు తలా ఒక రాష్ట్రంలో కోడ్ రాసుకుంటున్నా, కాలేజీలో లాగే ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. దేవరకొండ, మర్రిగూడ, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి. ఆఖరిది నేను. అంటే పాత నల్గొండ నుంచి ఇద్దరం, పాత పాలమూరు నుంచి ముగ్గురం. మొన్న అక్టోబర్‌లో లాస్ వెగాస్‌లో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని ఆరు రోజులు తిరిగాం. జయాన్, బ్రైస్, పేజ్, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్, మళ్లీ వెగాస్.

ముందు పనికొచ్చే విషయాలు చెప్పేస్తా. మోటర్‌హోమ్ అంటే ముందు వ్యాను, వెనక సింగిల్ రూం ఇల్లు. మంచాలు, స్టవ్, ఫ్రిజ్, బాత్రూం అన్నీ అందులోనే. మాది 25 అడుగుల బండి, మామూలు కారు లైసెన్స్‌తోనే నడిపాం. అయితే పొడవు ముఖ్యం. గ్రాండ్ కాన్యన్‌లో మేమున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు దాటిన బండికి చోటు లేదు. జయాన్‌లో కొండని తొలిచిన సొరంగం 1930 నాటిది. అప్పటి కార్ల సైజుకి తవ్వారు కాబట్టి పెద్ద బండ్లకి ఆంక్షలు ఉన్నాయి. మేం చుట్టూ తిరిగి పోయాం. రూట్ వేసే ముందు మీ బండి ఎత్తు, వెడల్పు, పొడవు రాసి పెట్టుకోండి. క్యాంప్‌గ్రౌండ్లు నెలల ముందే బుక్ చేసుకోండి.

ఇక ట్యాంకులు. బండిలో మూడు ఉంటాయి. ఒకటి మంచినీళ్లది. రెండోది సింకు, షవర్ నుంచి వచ్చే వాడిన నీళ్లది. మూడోది టాయిలెట్‌ది. దాన్ని డంప్ స్టేషన్‌లో పైపు పెట్టి ఖాళీ చేయాలి. ఆ పని ఎవరిదో చీటీలేసి తేల్చుకున్నాం. గోడ మీద చిన్న ప్యానెల్ ఉంటుంది, బటన్ నొక్కితే ఏ ట్యాంక్ ఎంత నిండిందో లైట్లు చెప్తాయి. మా మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. మాథర్‌లో నల్లా కనెక్షన్ బండి దాకా రాదు. ఉన్న ట్యాంకుతోనే ఐదుగురం రెండు రాత్రులు గడపాలి.

150 లీటర్లు అంటే ఎంతో తెలుసా? మిషన్ భగీరథ లెక్కలో కార్పొరేషన్‌లో ఉండే ఒక మనిషికి ఒక రోజుకి ఇవ్వాల్సిన నీళ్లు. సగటు అమెరికన్ ఇంట్లో ఒక మనిషి రోజుకి దీనికి రెండింతలు వాడతాడు.

మా గ్యాంగ్‌కి ఇది కొత్త కాదు. అచ్చంపేట పెత్తనం తీసుకుంది. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యలేదు, అవి గిన్నెల మొదటి కడుగుకి. షవర్ బంద్, మనిషికో చెంబుడు నీళ్లు, తువ్వాల. వంట అంటే పెరుగన్నం, తొక్కు, పేపర్ ప్లేట్లు. "ట్యాంకర్ వారానికొకసారి వచ్చే వాడలో పెరిగినం, ఇదొక లెక్కనా" అంది. రెండో రాత్రి అయ్యాక కూడా ప్యానెల్ మీద ఒక లైటు వెలుగుతూనే ఉంది.

మర్రిగూడ మాత్రం ఆ ట్యాంకు నీళ్లు తాగలేదు. ట్రిప్ అంతా కొన్న సీసా నీళ్లే. ఎవరూ ఎగతాళి చేయలేదు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వాళ్ల నాయన మోకాళ్లని ఏం చేసిందో మాకు తెలుసు. నీళ్లల్లోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరుంది. సున్నం, పటిక కలిపి తేర్చే పద్ధతి, నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. జిల్లా పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కడం ఎప్పుడూ గర్వించే సంగతే కాదని వాడు అప్పుడప్పుడూ అంటాడు.

పేజ్ ఊరు 1957లో గ్లెన్ కాన్యన్ డ్యామ్ కట్టే కూలీల కోసం పుట్టింది. డ్యామ్ వెనక లేక్ పావెల్. 1963లో నిండడం మొదలై, పూర్తిగా నిండేసరికి 1980 అయింది. ఇప్పుడు నీళ్లు తగ్గి, ఎర్రరాళ్ల మీద తెల్లటి పట్టీ కనబడుతుంది. బకీట్‌లో ఉప్పునీళ్లు ఎండితే పడే గీత లాంటిది, కొండంత ఎత్తున. అందరం ఫొటోలు తీసుకుంటుంటే కొల్లాపూర్ ఫోన్ జేబులో పెట్టేసిండు.

"అరేయ్, ఇది అచ్చం ఏప్రిల్ల సోమశిల ఉన్నట్టే ఉందిరా. మా తాత ఊరు గిట్లనే నీళ్ల కింద ఉంది."

లేక్ పావెల్ నిండిన మరుసటి ఏడాది, 1981లో, శ్రీశైలం ముంపు గ్రామాలని ఖాళీ చేయించారు. కృష్ణకి రెండు వైపులా కలిపి దాదాపు వంద ఊళ్లు. వాళ్ల తాత ఇంటి తలుపులు, దూలాలు ఎడ్లబండికెత్తుకుని కదిలిండట. ఇంటికొక ఉద్యోగం ఇస్తామన్న జీవో 98 వచ్చింది 1986లో. ఆ ఉద్యోగాల కోసం ముంపు కుటుంబాల రెండో తరం కూడా ధర్నాలు చేసింది. ఇక్కడ గ్లెన్ కాన్యన్‌లో కూడా ఆదివాసీల పాత కట్టడాలు నీళ్లలో కలిసిపోయాయి. చుట్టూ నవాహో ప్రజల నేల. డ్యామ్ పక్కనే ఉన్నా వాళ్లలో దాదాపు మూడో వంతు ఇళ్లకి నల్లా లేదు. పికప్ ట్రక్కు వెనక ప్లాస్టిక్ ట్యాంకు కట్టుకుని నీళ్లకి పోయేవాళ్లు మాకు రోడ్డు మీద కనబడుతూనే ఉన్నారు. 2023లో వాళ్ల నీళ్ల కేసు సుప్రీంకోర్టుకెళ్తే 5-4తో ఓడిపోయారు.

గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడితే అసలు సంగతి అర్థమైంది. నది దాదాపు మైలు లోతున ఉంది, మనిషి పైన ఉన్నాడు. నది రాతిని కోసుకుంటూ ఎంత లోతుకి దిగితే వ్యూ అంత అందం. పైనున్న వాళ్లకి నీళ్లు అంత దూరం. సౌత్ రిమ్‌లో హోటళ్లకి, నల్లాలకి వచ్చే నీళ్లు కాన్యన్ అవతలి వైపు ఊట నుంచి పైపులో లోపలికి దిగి, మళ్లీ పంపులతో పైకెక్కుతాయి. 2024 ఆగస్టు చివర్లో ఆ పైపు వరసగా పగిలితే సౌత్ రిమ్ హోటళ్లలో రాత్రి బసలు కొన్నాళ్లు ఆపేశారు.

మన దగ్గర జరిగింది కూడా ఇదే. కృష్ణ నల్లమలని కోసుకుంటూ లోయలో పారుతుంది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి పైన గట్టు మీదుంటాయి. సాగర్ కాలువలు పల్లానికే పారతాయి. ఎత్తున్న ఊళ్లకి కావాల్సింది లిఫ్టు. అందుకే కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు నుంచి మూడు దశల్లో ఎత్తి పోయాల్సి వచ్చింది, సాగర్ వెనక పుట్టంగండి దగ్గర పంపులు పెట్టాల్సి వచ్చింది. ఈలోపు పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి వేరేవాళ్ల డ్యాములు కట్టారు.

బండిలో కూర్చుని ఒక లెక్క వేశాం. 1922 ఒప్పందంలో కొలరాడో నదిని రాష్ట్రాల మధ్య పంచింది కోటిన్నర ఎకరా-అడుగులు. మన భాషలో సుమారు 650 టీఎంసీలు. అది కూడా వానలు బాగా పడిన ఏళ్ల లెక్క చూసి రాసిన అంకె. అందుకే ఇప్పుడు నది ఆ మాట నిలబెట్టుకోలేకపోతోంది. బచావత్ ట్రిబ్యునల్ ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే కృష్ణలో ఇచ్చింది 811 టీఎంసీలు. ఏడు రాష్ట్రాల్లో దాదాపు నాలుగు కోట్ల మంది ఆధారపడ్డ నది కంటే మన వాటా పెద్దది! దేవరకొండ కాసేపు ప్యానెల్ లైట్లనే చూస్తూ, "అయితే మనకి నీళ్లు తక్కువ పడలేదన్నట్టు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న కాడ తక్కువ పడ్డది" అన్నడు.

మీకు అమెరికా వీసా అక్కర్లేదు. ఒక ఆదివారం ఇంట్లో మోటారు బంద్ చేసి, 20 లీటర్ల బకీట్లు ఏడున్నర నింపి, ఇంటిల్లిపాదీ దాంతోనే గడిపి చూడండి. సాయంత్రానికి మీ ఇంట్లో నీళ్లు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది.

ఎండాకాలంలో వీలైతే సోమశిల పోండి. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లు తగ్గినప్పుడే బయటపడుతుంది. అక్కడ పడవెక్కి పక్కన కూర్చున్న పెద్దమనిషిని అడగండి: "ఇప్పుడు మన కింద ఏ ఊరుందే తాతా?" చెప్పగలిగిన వాళ్లు ఇంకా ఉన్నారు. ముందు వాళ్లు చెప్పేది వినండి, ఫొటో తర్వాత దిగొచ్చు.