ఫీజు కంటే ముందు కాగితం

ఆదివారం పొద్దున మియాపూర్‌లో రెండు ఫ్లాట్లు, మధ్యాహ్నం ప్రగతినగర్‌లో ఒకటి, సాయంత్రం బాచుపల్లిలో ఇంకొకటి. పెట్రోలు మనదే, టీ ఖర్చూ మనదే. చివరికి వినిపించేది ఒకటే మాట: ‘‘ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం బాబూ.’’ నెల తిరిగాక తెలుస్తుంది, వాళ్లు ఓనరుతో నేరుగా మాట్లాడుకుని అగ్రిమెంటు కూడా రాసుకున్నారని. రియల్ ఎస్టేట్‌లో ఏజెంటుగా అడుగుపెట్టిన కుర్రాళ్లను, అమ్మాయిలను ఎవరిని కదిపినా ఇలాంటి అనుభవం ఒకటి చెబుతారు.

డీల్ అయితేనే కమిషన్. కాకపోతే మూడు నెలల తిరుగుడుకు పైసా రాదు. అందుకే ‘ముందే కొంత ఫీజు తీసుకుంటే తప్పేంటి? లాయర్లు తీసుకోవడం లేదా?’ అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. శ్రమకు ధర అడగడం నామోషీ కాదు. అయితే ఆ ధర దేనికో ముందు మనకు స్పష్టంగా తెలియాలి.

కస్టమర్ వైపు నుంచీ చూద్దాం. అద్దె ఇంటి ప్రకటన చూసి ఫోన్ చేస్తే ‘రిజిస్ట్రేషన్ చార్జీ’ అంటూ డబ్బు వేయించుకుని, తర్వాత ఫోన్ ఎత్తనివాళ్లు ఉన్నారు. ఒకసారి అలా దెబ్బతిన్నవారికి ‘అడ్వాన్సు ఫీజు’ అనగానే అనుమానం రావడం సహజం. ఆ అనుమానాన్ని తీర్చాల్సింది మాటలతో కాదు, కాగితంతో.

చట్టం చెప్పేదీ అదే. భారత కాంట్రాక్టు చట్టం-1872లోని 219వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక ఒప్పందం ఏదీ లేకపోతే పని పూర్తయ్యే వరకు ఏజెంటుకు ప్రతిఫలం రాదు. అంటే నోటిమాటతో ముందస్తు ఫీజు అడిగితే మన కాళ్ల కింద నేల లేనట్టే. ఒప్పందం ఉంటే మాత్రం అడగొచ్చు. 2016 నాటి రెరా చట్టం కూడా ఏజెంటు ప్రతిఫలం కమిషన్ రూపంలోనే ఉండాలని గిరిగీయలేదు. ఫీజు, చార్జీ అన్న మాటలూ ఆ నిర్వచనంలో ఉన్నాయి.

అదే చట్టం బాధ్యతలూ పెట్టింది. రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాటో ఫ్లాటో అమ్మించాలంటే ఏజెంటుగా మనమూ నమోదు కావాలి. నమోదు కావాల్సి ఉండీ కాని ప్రాజెక్టును అమ్మించకూడదు. లెక్కల పుస్తకాలు ఉంచాలి. ఇవి తప్పితే రోజుకు 10 వేల రూపాయల జరిమానా. అది పెరుగుతూ ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. కాబట్టి రెరా నంబరు చేతిలో లేకుండా ప్రీలాంచ్ ప్లాట్లు చూపిస్తూ ఫీజు అడగడం కొరివితో తల గోక్కోవడమే.

మరి ఎలా అడగాలి? 60 లక్షల ఫ్లాటు వెతికిపెట్టే పని వచ్చిందనుకుందాం. 1 శాతం కమిషన్ అనుకుంటే 60 వేలు. అందులో 5 వేలు ముందుగా తీసుకుంటామని, డీల్ కుదిరితే దాన్ని కమిషన్‌లో మినహాయిస్తామని రాయండి. ఆ 5 వేలకు ఏం చేస్తారో కూడా రాయండి: బడ్జెట్‌కు సరిపడే ఇళ్లు ఎన్ని చూపిస్తారు, ఈసీ తీసిస్తారా, లింకు డాక్యుమెంట్లు తెప్పిస్తారా, ప్రాజెక్టు రెరా నంబరు, ప్లాన్ అనుమతులు సరిచూస్తారా, ఎన్ని రోజుల్లో? డీల్ కాకపోతే ఎంత తిరిగిస్తారన్నదీ అందులోనే ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి, రసీదు ఇవ్వండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొనేవారి దగ్గర ముందస్తు ఫీజు తీసుకున్నాక మీరు వాళ్ల మనిషి. అమ్మేవారి నుంచి కూడా కమిషన్ వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఈసీలో తాకట్టు కనబడితే డీల్ పోయినా సరే ‘సార్, ఇది వద్దు’ అనగలగాలి. నిజానికి ముందస్తు ఫీజు వల్ల అసలు లాభం ఇదే. డీల్ అయితే తప్ప పూట గడవని ఏజెంటుకు ఆ మాట నోట రావడం కష్టం. చేసిన పనికి ఎంతోకొంత ముందే అందినవాడు నిజం చెప్పగలడు.

కొత్తగా వచ్చినవారు మొదటి రోజే ఫీజు అడిగితే ఎవరూ ఇవ్వకపోవచ్చు. ముందు నాలుగైదు డీళ్లు కమిషన్ మీదే చేయండి. కాగితాలు చదవడం, ఏరియా ధరలు చెప్పడం నేర్చుకోండి. ఇళ్లు చూపించేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు, కాగితాలు చదివి చెప్పేవాళ్లే తక్కువ. ఆ పని వచ్చిన రోజున ఒప్పంద పత్రం ముందుపెట్టి ఫీజు అడగండి. మొహమాటపడాల్సిన పనిలేదు.