సరుకు వెంట నడిచిన బ్యాంకు

పెద్ద బ్యాంకు అనగానే పాలరాతి మెట్లు, కోట్ల డిపాజిట్లు గుర్తుకొస్తాయి. వర్తకుడు చూడవలసింది అది కాదు. ఆ బ్యాంకు ఇచ్చిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగి చేతికి వస్తుందో చూడాలి. ఆ లెక్కన స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు చరిత్ర మన వ్యాపారస్తులు తెలుసుకోదగ్గది.

దీని తొలి పేరు చార్టర్డ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఆస్ట్రేలియా అండ్ చైనా. విక్టోరియా రాణి ఇచ్చిన చార్టరుతో 1853లో లండన్‌లో పుట్టింది. స్థాపకుల్లో ముఖ్యుడు జేమ్స్ విల్సన్. 'ఎకనమిస్ట్' పత్రిక పెట్టిందీ, 1860లో మన దేశంలో తొలి బడ్జెట్‌తో పాటు ఆదాయపు పన్ను తెచ్చిందీ ఆయనే. (ఆ చివరి పనికి వర్తకలోకం ఇంకా ఆయన్ను క్షమించి ఉండదు!) 1858లో కలకత్తా, బొంబాయి, షాంఘైలలో, మరుసటి ఏడు హాంకాంగ్, సింగపూరులలో బ్యాంకు శాఖలు తెరిచింది.

చేసిన పని తేలికగానే అర్థమవుతుంది. బొంబాయి వర్తకుడు లివర్‌పూల్‌కు పత్తి ఎక్కించి, కొనుగోలుదారు పేర బిల్లు రాసి, ఓడ రసీదు, బీమా పత్రం జతచేసి బ్యాంకుకు అమ్ముతాడు. అక్కడికక్కడే రూపాయలు చేతికొస్తాయి. బ్యాంకు ఆ బిల్లును లండన్ పంపి గడువునాడు పౌన్లు వసూలు చేసుకుంటుంది. హుండీ తెలిసినవారికి ఇందులో కొత్తేమీ లేదు, వెనక సరుకు కాగితాలు ఉండడమే తేడా. కలకత్తా నీలిమందు, తేయాకు, బర్మా బియ్యం, జావా పంచదార ఈ దారినే కదిలాయి. చైనాకు పోయే నల్లమందు కూడా ఆనాటి తూర్పు వ్యాపారంలో పెద్ద పద్దే. ఆ సంగతి మరుగుపరచడం తగదు.

అసలు పరీక్ష అమెరికా అంతర్యుద్ధంతో వచ్చింది. 1861 నుంచి అమెరికా పత్తి రాక తగ్గేసరికి ఇంగ్లండు మిల్లులు మన పత్తికి ఎగబడ్డాయి. బొంబాయిలో వచ్చిన లాభాలు షేర్లలోకి, సముద్రం పూడ్చే కంపెనీల్లోకి పోయాయి. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. జూలై 1న వాయిదా బేరాలు తీర్చుకోవలసి వస్తే తీర్చగలవారు కరువయ్యారు. 1866లో లండన్‌లో ఓవరెండ్ గర్నీ సంస్థ చెల్లింపులు ఆపడంతో తూర్పు దేశాల్లో పనిచేసే బ్యాంకులు అనేకం కుప్పకూలాయి. షేర్ల హామీపై విచ్చలవిడిగా అప్పులిచ్చిన బ్యాంక్ ఆఫ్ బాంబే 1868లో మూతపడింది. చార్టర్డ్ నిలిచింది.

ఓరియంటల్ బ్యాంక్ కార్పొరేషన్ కథ ఇంకా దారుణం. ఒకప్పుడు తూర్పున దానిదే అగ్రస్థానం. సిలోను కాఫీ తోటల మీద, మారిషస్ చెరకు తోటల మీద డబ్బు ఇరికించుకుంది. ఆకు తెగులు కాఫీని తినేసింది. వెండి ధర పడిపోవడం మరో దెబ్బ. 1884లో తలుపులు మూసింది. కాఫీ బస్తాలనైతే వచ్చిన ధరకు వదిలించుకోవచ్చు, తోటను బండికెత్తి బజారుకు తోలలేం గదా!

చార్టర్డ్‌ది అదృష్టమే అనేవారుంటారు. కొంత నిజమే. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని, ఆ వెంటనే బొంబాయికి సముద్రతంతి రావడం అందరికీ కలిసొచ్చాయి. కానీ నెలల్లో తిరిగొచ్చే బిల్లు మీద పెట్టిన డబ్బు, ఏళ్లతరబడి కదలని ఆస్తి మీద పెట్టిన డబ్బు ఒకటి కావని మా అభిప్రాయం. పంటకాలానికి తెచ్చిన క్యాష్ క్రెడిట్‌తో ఇళ్లస్థలాలు కొనే కమీషన్ ఏజెంటూ, శీతల గిడ్డంగిలో మిర్చి నిల్వపై అప్పుచేసి ధరకోసం మరుసటి పంట వచ్చేదాకా కూర్చునే వర్తకుడూ చేస్తున్నది ఓరియంటల్ బ్యాంకు పనే. వడ్డీ రోజూ నడుస్తుంది, సరుకు నడవదు.

తర్వాతి పెరుగుదల ఎక్కువగా కలయికలతో వచ్చింది. కేప్ కాలనీ వ్యాపారం కోసం 1862లో పుట్టి, కింబర్లీ వజ్రాల గనులతో పెరిగిన స్టాండర్డ్ బ్యాంకుతో 1969లో విలీనమై ఇప్పటి పేరు తెచ్చుకుంది. 1986లో లాయిడ్స్ బ్యాంకు కొనబోతే తప్పించుకుంది. 2000లో గ్రిండ్లేస్‌ను కొనుక్కుంది. ఈ మధ్యలో, 1992లో, తాను తొలినాళ్లలో శాఖ తెరిచిన బొంబాయిలోనే భారీగా దెబ్బతింది. ఆ నష్టం పత్తి బిల్లుల మీద వచ్చింది కాదు, సెక్యూరిటీల కుంభకోణంలో వచ్చింది.