ఇల్లు కాలాక చదివే పత్రం కాదు

2008 అక్టోబరులో భైంసా అల్లర్ల వేళ ఆదిలాబాద్ జిల్లా వటోలి గ్రామంలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురు తమ ఇంట్లోనే సజీవదహనమయ్యారు. 2020 జనవరిలో భైంసాలో ఇళ్లు, వాహనాలు మళ్లీ తగులబడ్డాయి. పోయిన ప్రాణానికి వెల కట్టలేం. కాలిన ఇంటిని తిరిగి నిలబెట్టుకునే మార్గాలలో ఒకటైన గృహబీమా గురించి మాత్రం మనం తగినంతగా మాట్లాడుకోవడం లేదు.

బీమా అనగానే వడ్డీ, జూదం అన్న సందేహం ముందుకు వస్తుంది. అది గౌరవించదగిన సందేహమే. అయితే ఈ దేశంలో మతకలహాల ముప్పును దృష్టిలో ఉంచుకొని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ (ఇండియా) ధన, ప్రాణాల బీమాకు అవకాశమిచ్చింది. మీకు నమ్మకమైన ఉలమాను అడిగి నిర్ణయించుకోండి.

బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరదలతో పాటు అల్లర్లు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం, ఉగ్రవాద చర్యల వల్ల కలిగే నష్టం కూడా దాని పరిధిలోనివే. అల్లరి మూకలు నిప్పు పెట్టిన ఇంటికీ, 2022 జూలైలో కడెం ప్రాజెక్టును ముంచెత్తినటువంటి వరదలో దెబ్బతిన్న ఇంటికీ ఇదే ఆధారం. బీమా మొత్తం నిర్మాణ వ్యయం మీద లెక్క కడతారు; స్థలం విలువ అందులో చేరదు. కట్టడానికి బీమా చేస్తే అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంటి సామాను కూడా దానంతటదే చేరుతుంది. అద్దెకున్నవారు తమ సామానుకు మాత్రమే బీమా చేసుకోవచ్చు.

వర్తించనివి అంతకంటే శ్రద్ధగా చదవాలి. నగదుకు రక్షణ లేదు. బంగారు నగలకు విడిగా రక్షణ కోరాలి. అల్లరి, అగ్ని వంటి ఘటన కారణంగా 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికే పరిహారం. మామూలు దొంగతనానికి కాదు. అన్నిటికంటే ముఖ్యం: ప్రభుత్వ ఆదేశంతో ఇల్లు కూల్చితే, లేదా ఎవరైనా అక్రమంగా ఆక్రమిస్తే, ఈ పాలసీ పైసా ఇవ్వదు. బుల్డోజరుకు జవాబు బీమా కంపెనీ దగ్గర లేదు, న్యాయస్థానంలోనే ఉంది.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేయాలి. అల్లర్లయితే పోలీసు కేసు నమోదు చేయించి ప్రతి తీసుకోవాలి. శిథిలాలను తొలగించే ముందే ఫోటోలు తీయాలి. పాలసీ ప్రతిని ఇంట్లో మాత్రమే ఉంచితే ఇంటితో పాటు అదీ కాలిపోతుంది. బంధువుల దగ్గర మరొకటి ఉంచండి. కంపెనీ అన్యాయంగా నిరాకరిస్తే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు.

పౌరుడు ప్రీమియం కట్టినంత మాత్రాన రాజ్యం తన బాధ్యత నుంచి విముక్తం కాదు. ఇళ్లను కాపాడటం, కాల్చినవారిని శిక్షించడం, బాధితులకు పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి. ఆ డిమాండును వదలకుండానే, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వరకు మన మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఒక్కో మొహల్లాలో ఒక్క సాయంత్రం కూర్చుని ఈ పాలసీని చదివి వినిపించాలి. హక్కును అడగాలంటే ముందు అది కాగితం మీద ఎక్కడుందో తెలియాలి.